నీహారికలను చిత్రించిన ఐజక్ రాబర్ట్సు

కార్తీకమాసమున చంద్రుడు లేని రాత్రి, దీపముల వెలుగు సోకని పొలముగట్టున నిలిచి ఆకాశమును చూచినవారికి ఉత్తరాభాద్ర నక్షత్రమునకు ఈశాన్యముగా ఒక చిన్న మసకమచ్చ కానవచ్చును. అది చుక్కవలె మిలమిల మెరయదు; మబ్బుతునకవలె తేలిపోదు. ఏటేట ఆ చుక్కల నడుమనే, ఆ రీతిగనే కనబడును. క్రీ. శ. 964వ సంవత్సరమున పారశీక దేశపు ఖగోళవేత్త అల్ సూఫీ దానిని చిన్న మేఘముగా తన గ్రంథమున పేర్కొనెను. ఆండ్రోమెడా అను నక్షత్రరాశియందు ఉండుటచే దానికి ఆండ్రోమెడా నీహారిక అను పేరు కలిగెను. నీహారమనగా మంచు. మంచుపొరవలె కనబడుటచే అట్టివానికెల్ల నీహారికలని పేరు వచ్చినది.

ఆ మచ్చ నిజముగా ఎట్టిది? వాయువా? ధూళియా? లెక్కకు మిక్కిలియైన నక్షత్రముల గుంపా? అల్ సూఫీ తరువాత తొమ్మిదివందల సంవత్సరములు గడచినను ఎవరును నిశ్చయముగా చెప్పలేకపోయిరి. దూరదర్శిని వచ్చిన పిమ్మట మచ్చ పెద్దదిగా కనబడెనే గాని దాని రూపము తేటపడలేదు. ఆ రూపమును మొదట లోకమునకు స్పష్టముగా చూపినవాడు విశ్వవిద్యాలయమున చదివిన పండితుడు కాడు. ప్రభుత్వ వేధశాలలోని ఉద్యోగియు కాడు. ఇండ్లు కట్టించు వృత్తితో జీవించి, తీరిక వేళలలో ఆకాశమును పరిశీలించిన ఒక గృహస్థుడు. ఆయనయే ఐజక్ రాబర్ట్సు.

రాబర్ట్సు 1829వ సంవత్సరము జనవరి 27వ తేదీన బ్రిటనునందలి వేల్సు ప్రాంతమున, డెన్‌బీ పట్టణమునకు సమీపముననున్న ఒక పల్లెలో జన్మించెను. తండ్రి వ్యవసాయదారుడు. ఐజక్ చిన్నతనముననే ఆ కుటుంబము లివర్‌పూలు నగరమునకు వలసవచ్చెను. లివర్‌పూలు ఆ కాలమున ఓడలతోను, గిడ్డంగులతోను, నానాదేశముల వర్తకముతోను కిటకిటలాడు రేవుపట్టణము. నగరము నానాటికి పెరుగుచుండుటచే ఇండ్లు కట్టువారికి చేతినిండ పని దొరకుచుండెను. ఐజక్ తన పదునైదవ యేట, 1844లో, ఒక గృహనిర్మాణ సంస్థలో ఏడు సంవత్సరములు పని నేర్చుకొనుటకై చేరెను.

ఉన్నతవిద్యకు అవకాశము లేకపోయినను రాబర్ట్సు చదువును విడువలేదు. పగలు ఇటుక, సున్నము, కలప, కొలతబద్దలతో గడపి, తీరిక దొరకినపుడు శాస్త్రగ్రంథములను పఠించెను. పనిలోని శ్రద్ధ, లెక్కలోని నిక్కచ్చితనము ఆయనకు పేరు తెచ్చెను. 1859వ సంవత్సరమున సొంతముగా వ్యాపారము ప్రారంభించెను. 1862లో మరియొకరిని భాగస్వామిగా చేర్చుకొనెను. వ్యాపారము వృద్ధిపొంది ఆయన ధనవంతుడయ్యెను.

ధనము చేరినకొలది విలాసములు పెరుగుట లోకమున సామాన్యము. రాబర్ట్సునకు ధనముతోపాటు జిజ్ఞాస పెరిగెను. పునాదులు త్రవ్వించువానికి భూమిలోని పొరలు తరచు కంటబడును గదా! ఆయన మొదట భూగర్భశాస్త్రము నభ్యసించెను. లివర్‌పూలు ప్రాంతపు ఇసుకరాతి పొరలలో నీరు ఎట్లు నిలుచును, ఎట్లు కదలును అను విషయములను పరిశీలించి వ్యాసములు వ్రాసెను. 1870లో లండనునందలి భూగర్భశాస్త్ర సంఘమున సభ్యుడయ్యెను. చూచినదానిని కొలుచుట, కొలిచినదానిని వ్రాసి ఉంచుట అను అలవాటు ఆయనకు ఈ విధముగా స్థిరపడెను.

ఆకాశముపైకి ఆయన దృష్టి మరలునాటికి వయస్సు ఏబది సమీపించినది. 1878వ సంవత్సరమున యార్కు నగరపు కుక్ సంస్థవారు నిర్మించిన 7 అంగుళముల దూరదర్శినిని కొని తన ఇంట నిలుపుకొనెను. అదే సంస్థ చేసిన 6 అంగుళముల దూరదర్శినితో ఆ కాలముననే మన విశాఖపట్టణమున అంకితం వెంకట నరసింగరావుగారు తన సొంత వేధశాలయందు ఆకాశమును పరిశీలించుచుండిరి. వృత్తికొరకు గాక, విద్యపై ప్రీతిచే ఆకాశమును పరిశోధించినవారు ఆ తరమున దేశదేశములందును ఉండిరి. రాబర్ట్సు అట్టివారిలో ఒకడు. 1882లో ఆయన లివర్‌పూలునకు ఉత్తరముననున్న మగల్ అను గ్రామమునకు నివాసము మార్చెను. ఆ సంవత్సరముననే రాయల్ ఖగోళశాస్త్ర సంఘమున సభ్యత్వము లభించెను.

దూరదర్శినితో నీహారికలను చూచినకొలది ఆయనకు ఒక లోపము తెలియవచ్చెను. ఆ లోపము దూరదర్శినిలో లేదు; మనుష్యుని కంటిలో ఉన్నది. కన్ను చిల్లికుండ వంటిది. దానిలో పడిన వెలుగు క్షణకాలము మించి నిలువదు. ఒక మసకమచ్చను గడియసేపు చూచినను, గంటలకొలది చూచినను అది మొదట కనబడిన దానికంటె ప్రకాశవంతము కాదు. అంతేగాక చూచినదానిని కాగితముపై గీయునపుడు గీయువాని ఊహ అందులో కలియును. ఒకే నీహారికను ఇద్దరు పండితులు చిత్రించినచో రెండు చిత్రములకును పోలిక కుదరకపోవుట అప్పుడు సర్వసామాన్యము. ఎవరి చిత్రము సరియైనదో తేల్చుటకు సాక్ష్యము లేదు.

ఛాయాచిత్రపు పలక అట్లు గాదు. అది చిల్లిలేని కుండ. చూరునుండి బొట్టుబొట్టుగా కారు నీరు రాత్రియంతయు కుండలో చేరి తెల్లవారునప్పటికి నిండినట్లు, పలకపై పడిన కొద్దిపాటి వెలుగు నిమిషనిమిషమునకు చేరి చేరి తుదకు కన్నెన్నడును చూడలేని రూపమును నిలుపును. అందు చిత్రకారుని ఊహకు చోటు లేదు.

అయితే పూర్వపు పలకలు ఇందుకు పనికిరాకుండెను. వానిని రసాయనముతో తడిపి, తడియారకముందే చిత్రము తీయవలసి వచ్చెడిది. కొన్ని నిమిషములలో ఆరిపోవు పలకపై గంటలకొలది వెలుగును కూడబెట్టుట సాధ్యమా? 1871లో మాడక్సు అను ఆంగ్లవైద్యుడు జెలాటిను పూతతో పొడిపలకను కనిపెట్టుటతో ఈ చిక్కు తొలగుటకు మార్గమేర్పడెను. 1880లో అమెరికాయందు హెన్రీ డ్రేపరు మృగశిరకు సమీపమున ప్రకాశించు ఒరయను నీహారికను మొదటిసారి ఛాయాచిత్రముగా తీసెను. 1883లో ఇంగ్లండునందు కామన్ అను ఇంజనీరు అంతకంటె ఎంతో మేలైన చిత్రమును తీసెను. కాని ఒరయను నీహారిక ప్రకాశవంతమైనది. అంతకంటె మసకయైన నీహారికలు ఇంకను వేలకొలది మిగిలియుండెను.

రాబర్ట్సు 1883లో సామాన్యపు ఛాయాచిత్ర కటకములతో నక్షత్రముల చిత్రములు తీయ మొదలిడెను. అవి చాలవని గ్రహించి, డబ్లిను నగరమున ప్రసిద్ధుడైన గ్రబ్ అను నిపుణునిచే 20 అంగుళముల దర్పణముగల దూరదర్శినిని చేయించెను. అది 1885లో మగల్ చేరెను. గాజుపై వెండిపూత పూసిన పుటాకార దర్పణము దానికి ప్రాణము. సాధారణముగా అట్టి దూరదర్శినిలో పెద్ద దర్పణము కూర్చిన వెలుగును రెండవ చిన్న దర్పణము ప్రక్కకు మరల్చును. ప్రతి దర్పణము కొంత వెలుగును మ్రింగును. అందుచే రాబర్ట్సు రెండవ దర్పణమును తొలగించి, వెలుగు కేంద్రీకరించు చోటనే పలకను బిగించెను. పూర్వము కొనిన 7 అంగుళముల దూరదర్శినిని అదే పీఠముపై అమర్చి, గురిచూచుటకు ఉపయోగించెను.

గురిచూచుట అనగా ఏమి? భూమి తన చుట్టు తాను తిరుగుటచే ఆకాశమంతయు గంటకు 15 డిగ్రీల చొప్పున పడమటికి జరుగుచున్నట్లు కనబడును. దూరదర్శిని కదలక నిలిచినచో పలకపై నక్షత్రములు చుక్కలుగా గాక గీతలుగా పడును. కావున గడియారయంత్రముతో దూరదర్శినిని ఆకాశముతోపాటు మెల్లగా త్రిప్పవలెను. యంత్రము ఎంత మంచిదైనను తలవెండ్రుక వాసి తప్పు జరుగకపోదు. అందుచే ఒక నక్షత్రమును అడ్డదారముల నడుమ నిలిపి, అది ఏమాత్రము ప్రక్కకు తొలగినను వెంటనే సవరించుచు కూర్చుండవలెను. రెప్పపాటు ఏమరినను గంటల శ్రమ వ్యర్థమగును. మబ్బు వచ్చినచో ఆ రాత్రికి అంతే. వేధశాలలో నిప్పు రాజేసికొనుటకును వీలులేదు. వేడిగాలి లేచినచో చుక్కలు చలించినట్లు కనబడును. ఇంగ్లండు శీతకాలపు చలిలో ఇట్టి పని ఎంతటి ఓరిమిని కోరునో ఊహింపుడు!

1886లో రాబర్ట్సు కృత్తికల ఛాయాచిత్రములు తీసెను. మనము కంటితో ఆరేడు చుక్కలుగా చూచు ఆ గుంపు చుట్టును పలుచని తెర పరచినట్లు నీహారిక ఆ చిత్రములందు వ్యక్తమయ్యెను. ఉత్తరాకాశము నంతటిని ఛాయాచిత్రములుగా తీయవలెనని ఆయన సంకల్పించియుండెను. కాని 1887లో పారిసునందు నానాదేశముల ఖగోళవేత్తలు సమావేశమై, భూమిపై పలుచోట్లనున్న వేధశాలలు ఆకాశమును పంచుకొని ఆ పని చేయవలెనని నిశ్చయించిరి. తరువాతి కాలమున మన హైదరాబాదునందలి నిజామియా వేధశాల కూడ ఆ మహాకార్యమున పాల్గొని లక్షలకొలది నక్షత్రముల స్థానములను కొలిచినది. ఒక్కడు చేయదలచిన పని పదిచోట్ల జరుగునని తెలిసి రాబర్ట్సు చిన్నబోలేదు. ఇతరులు అంతగా పూనుకొనని నీహారికలపై తన శ్రమనంతటిని నిలిపెను. 1888లో వ్యాపారమునుండి విరమించి పూర్ణకాలము ఈ పనికే వినియోగించెను.

ఆ కాలమున ఆండ్రోమెడా నీహారికపై పండితుల చర్చ ముమ్మరముగా నుండెను. 1845లో ఐర్లండునందు రాస్ ప్రభువు తన మహాదూరదర్శినితో మరియొక నీహారిక సుడివలె తిరిగియున్నట్లు చూచియుండెను. 1847లో అమెరికాయందు బాండు అను ఖగోళవేత్త ఆండ్రోమెడా నీహారికలో రెండు నల్లని గీతలను చూచి, తిన్నని కాలువలవలె చిత్రించెను. వాని అర్థమేమో ఎవరికిని బోధపడలేదు. 1885 ఆగస్టులో ఆ నీహారిక నడుమ ఒక క్రొత్త నక్షత్రము అకస్మాత్తుగా వెలిగి కొన్ని నెలలలో మాసిపోయెను. దానితో ప్రశ్న మరింత జటిలమయ్యెను.

1888వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీ రాత్రి రాబర్ట్సు వేధశాలలో పలక నాలుగు గంటలకాలము ఆండ్రోమెడా నీహారికకు అభిముఖముగా నిలిచెను. ఆ నాలుగు గంటలలో ఆకాశము 60 డిగ్రీలు జరిగెను; దూరదర్శినియు దానితోపాటు జరిగెను. ఆ పలకపై మొగ్గవలె ప్రకాశించు నడిభాగము, దాని చుట్టును వంపులు తిరిగిన వెలుగుపట్టెలు, వాని నడుమ నల్లని సందులు, సమీపమున రెండు చిన్న నీహారికలు స్పష్టముగా నిలిచెను. బాండు చూచిన రెండు గీతలు తిన్ననివి కావని, సుడిచుట్ల నడుమనున్న చీకటి సందులలో కొంతభాగమేనని తేటపడెను. కంటికి కాలువవలె కనబడినది పలకపై వలయముగా మారినది. ఆ చిత్రమును చూచిన ఖగోళవేత్తలు ఆశ్చర్యపడిరి. తొమ్మిదివందల ఏండ్ల నాటి చిన్న మేఘమునకు అప్పటికి రూపము దొరకినది.

రూపము దొరకినంతనే అర్థము దొరకునా? ఇక్కడనే రాబర్ట్సు జీవితమునందలి విశేషము గమనింపదగినది. సూర్యుడు, గ్రహములు పూర్వము తిరుగుచున్న ఒక వాయుమేఘము నుండి పుట్టినవని ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ 1796లో ప్రతిపాదించియుండెను. ఆండ్రోమెడా చిత్రము ఆ ప్రతిపాదనకు ప్రత్యక్షసాక్ష్యమని రాబర్ట్సు విశ్వసించెను. నడుమనున్నది పుట్టబోవు సూర్యుడనియు, చుట్టునున్న వలయములు గ్రహములుగా మారుననియు ఆయన తలంచెను. ఆనాటి పండితులలో పలువురు అట్లే తలంచిరి. ఆ తలంపు తప్పు. కాని తప్పని తెలియుటకు ఇంకను 35 సంవత్సరములు పట్టవలసి యుండెను.

మగల్‌లో తెరపియైన రాత్రులు తక్కువగుటచే రాబర్ట్సు 1890లో దక్షిణ ఇంగ్లండునందలి క్రోబరో అను చోట సుమారు 800 అడుగుల ఎత్తైన కొండపై క్రొత్త ఇల్లును, వేధశాలను నిర్మించుకొనెను. ఆ సంవత్సరముననే రాయల్ సొసైటీవారు ఆయనను సభ్యునిగా ఎన్నుకొనిరి. ఫ్రాంక్సు అను పరిశీలకుడు 1892 మొదలు ఆయనకు సహాయకుడుగా పనిచేసెను. తరువాత తీసిన చిత్రములలో ఫ్రాంక్సు శ్రమ ఎంతయో కలదు. 1893లోను, 1899లోను రాబర్ట్సు తన ఛాయాచిత్రములను రెండు సంపుటములుగా ప్రకటించెను. ప్రతి చిత్రముతోపాటు దానిని తీసిన తేదీ, పలకపై వెలుగు పడిన కాలము, ఆకాశమున దాని స్థానము, చిత్రపు కొలమానము విధిగా తెలిపెను. పూర్వులు ఆ నీహారికను గూర్చి ఏమని వర్ణించిరో దానిని కూడ చెప్పి, తన పలకపై కనబడినది వేరుగా వ్రాసెను. దీనివలన చదువరి తానే సరిపోల్చి చూచుకొనుటకు వీలు కలిగెను. 1895లో రాయల్ ఖగోళశాస్త్ర సంఘము ఆయనకు బంగారుపతకము నొసగి గౌరవించెను.

అటుపిమ్మట ఆయన మరియొక కార్యమునకు పూనుకొనెను. మహాఖగోళవేత్త విలియం హెర్షెల్ 1811లో ఆకాశమునందు మసకవెలుగు పరచుకొనియున్న 52 ప్రదేశముల పట్టికను ప్రకటించియుండెను. రాబర్ట్సు ఆ ప్రదేశముల నన్నిటిని ఛాయాచిత్రములుగా తీసి, నాలుగింట మాత్రమే నీహారిక ఉన్నదని తేల్చెను. తక్కినచోట్ల హెర్షెల్ కన్ను పొరబడెనని భావించెను. అమెరికాయందలి బార్నార్డు 1903లో ఈ నిర్ణయము నాక్షేపించెను. విశాలముగా పరచుకొన్న పలుచని వెలుగును పట్టుటకు రాబర్ట్సు దర్పణముకంటె చిన్న ఛాయాచిత్ర కటకములు మేలని బార్నార్డు అనుభవమున కనుగొనియుండెను. తన పలకపై పడనిది ఆకాశముననే లేదనుట తొందరపాటు. సాధనము గొప్పదైనను దానికి హద్దు కలదని ఈ వివాదము తెలుపుచున్నది.

1896వ సంవత్సరమున ఆగస్టు 9వ తేదీన సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు రాబర్ట్సు ఓడపై నార్వే దేశపు ఉత్తరతీరమునకు వెళ్లెను. ఆ ఉదయము మబ్బుక్రమ్మి గ్రహణము కనబడలేదు. కాని ఆ యాత్రలో ఆయనకు డొరోతియా క్లంప్కే అను విదుషీమణితో పరిచయమయ్యెను. ఆమె అమెరికాలోని సాన్‌ఫ్రాన్సిస్కోలో జన్మించి, పారిసున చదివి, శనిగ్రహ వలయములపై పరిశోధన చేసి 1893లో డాక్టరు పట్టము పొందెను. పారిసు వేధశాలలో, పైన చెప్పిన ఆకాశపటపు పలకలను కొలుచు శాఖకు ఆమెయే అధికారిణి. 1901లో వారిరువురికి వివాహమయ్యెను. ఆమె ఉద్యోగమును విడిచి క్రోబరో చేరి ఆయన పనిలో పాలుపంచుకొనెను.

వారి సహజీవనము మూడేండ్లే సాగెను. 1904వ సంవత్సరము జులై 17వ తేదీన రాబర్ట్సు అకస్మాత్తుగా మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 75 సంవత్సరములు. ఉన్నతవిద్యకు నోచుకొనని ఆయన తన ఆస్తిలో పెద్దభాగమును లివర్‌పూలు విశ్వవిద్యాలయమునందును, వేల్సు కళాశాలలయందును విద్యార్థి వేతనముల కొరకు వ్రాసియిచ్చెను. తనకు దక్కని చదువు తన వెనుకటి పిల్లలకు దక్కవలెనని ఆయన కోరెను.

డొరోతియా ఆ గాజుపలకలను ప్రాణసమానముగా కాపాడెను. వానిని పరిశీలించి, కొలిచి, హెర్షెల్ పేర్కొనిన 52 ప్రదేశముల చిత్రములను 1929లో, భర్త మరణించిన 25 సంవత్సరములకు, పటముల గ్రంథముగా ప్రకటించెను. ఆమె 1942లో సాన్‌ఫ్రాన్సిస్కోలో పరమపదించెను.

ఇంతలో ఆండ్రోమెడా కథ మరియొక మలుపు తిరిగినది. 1923 అక్టోబరులో అమెరికాయందలి మౌంట్ విల్సన్ వేధశాలలో ఎడ్విన్ హబుల్ 100 అంగుళముల దూరదర్శినితో ఆ నీహారికను ఛాయాచిత్రము తీసి, అందొక నక్షత్రము క్రమముగా హెచ్చుచు తగ్గుచు వెలుగుచున్నట్లు గమనించెను. అట్టి నక్షత్రముల నిజమైన ప్రకాశమునకును, అవి హెచ్చుతగ్గులు పొందు కాలమునకును సంబంధము కలదని హెన్రియెటా లెవిట్ అను విదుషి 1912లో నిరూపించియుండెను. ఆ సూత్రముచే హబుల్ నీహారిక దూరమును లెక్కించెను. అది మన పాలపుంతకు ఎంతో వెలుపలనున్నదని, పుట్టుచున్న సూర్యకుటుంబము కాదని, కోట్లకొలది నక్షత్రములతో కూడిన వేరొక మహామండలమని తేలెను. ఇప్పటి లెక్క ప్రకారము దాని దూరము సుమారు 25 లక్షల కాంతిసంవత్సరములు. నేడు అట్టి మండలములను గెలాక్సీలని పిలుచుచున్నారు. 1885లో కనబడిన క్రొత్త నక్షత్రము ఆ గెలాక్సీలో ప్రేలిన మహాతార.

రాబర్ట్సు వ్యాఖ్య కూలిపోయినది. రాబర్ట్సు చిత్రము కూలిపోయెనా? లేదు. ఆయన గ్రహములు పుట్టు వలయములనుకొనినవి నక్షత్రములతో నిండిన సుడిచుట్లు. ఆయన పుట్టబోవు సూర్యుడనుకొనినది ఆ గెలాక్సీ నడిభాగము. దాని ప్రక్కనున్న రెండు మచ్చలు చిన్న గెలాక్సీలు. వాని రూపము మాత్రము ఆయన పలకపై ఎట్లున్నదో ఇప్పుడును ఆకాశమున అట్లే ఉన్నది. 25 లక్షల సంవత్సరములు ప్రయాణము చేసివచ్చిన వెలుగును ఆయన నాలుగు గంటలు కదలక మెదలక కూడబెట్టెను. అది ఎంతదూరమునుండి వచ్చినదో ఆయనకు తెలియదు. తెలియకపోయినను ఉన్నదానిని ఉన్నట్లు నిలిపెను, తేదీ వేసెను, కాలము వ్రాసెను, తన అభిప్రాయమును దాని ప్రక్కనే వేరుగా ఉంచెను. అందుచే అభిప్రాయము రాలిపోయినను సాక్ష్యము చెడలేదు.

ఈ కాలమున గాజుపలకలు పోయి విద్యుత్పరికరములు వచ్చినవి. కొన్ని అంగుళముల చిన్న దూరదర్శినితో ఇంటి మేడపైనుండియే ఆండ్రోమెడా గెలాక్సీని చిత్రించు ఔత్సాహికులు మన దేశమునను కలరు. అయినను వారు చేయునది రాబర్ట్సు చేసినదియే. మసకవెలుగును గురి తప్పక, తొందరపడక, గంటలకొలది కూడబెట్టవలెను. ఆ పనికి అడ్డదారి నాడును లేదు, నేడును లేదు.

విద్యార్థులారా! ప్రయోగశాలలో మీరొక కొలత తీసినపుడు అది పుస్తకములోని సమాధానముతో సరిపోకపోవచ్చును. అప్పుడు కొలతను దిద్దవలెనని మనస్సు తొందరించును. ఆ సమయమున ఈ ఇండ్లు కట్టించినవానిని తలచుకొనుడు. మీరు చూచినది ఒకచోట, మీరు తలచినది మరియొకచోట వ్రాసికొనుడు. తలపు తప్పైనచో తరువాతివారు దిద్దగలరు. చూచినదానిని మార్చి వ్రాసినచో దిద్దగలవారెవరు?